పాచి అయిపోయాక ఏం తింటుంది? ఉప్పునీటి పగడపు అక్వేరియానికి జీవుల ఎంపిక

మిత్రులందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం ఇళ్లల్లో పనులు వదులుకుని, డాలస్ నలుమూలల నుంచి ఇంతమంది తెలుగువాళ్లు ఉప్పునీటి అక్వేరియాల గురించి వినడానికి వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. మీలో చాలామంది నాకు ముందుగానే ఫొటోలు పంపారు. కొన్నింటిలో రాళ్ల మీద పచ్చటి జుట్టులా పాచి పెరిగి ఉంది, కొన్నింటిలో ఇసుక మీద ఎర్రటి జిగురు పొర పరుచుకుని ఉంది, ఒకరి ట్యాంకులోనైతే పగడపు కొమ్మల మొదళ్లే కనిపించడం లేదు. అన్ని ఫొటోల కిందా దాదాపు ఒకే ప్రశ్న ఉంది: "దీన్ని ఏ చేప తింటుందండీ?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే వచ్చాను. అయితే దానికంటే ముందు మరో ప్రశ్న వేసుకోమని మిమ్మల్ని కోరుతున్నాను. ఈ పాచి అయిపోయాక ఆ ప్రాణి ఏం తింటుంది, ఎంత పెరుగుతుంది, ఎన్నేళ్లు బతుకుతుంది? ఈ మూడింటికీ మన దగ్గర జవాబు ఉన్న ప్రాణినే ఇంటికి తెచ్చుకోవాలి.

నేను దీన్ని ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. నా మొదటి ట్యాంకు 75 గ్యాలన్లది, అంటే సుమారు 284 లీటర్లు. ఎనిమిదో నెలలో రాళ్లన్నీ జుట్టు పాచితో నిండిపోయాయి. దుకాణంలో అడిగితే, డోలబెల్లా అనే సీ హేర్‌ను, అంటే చిప్ప బయటికి కనిపించని ఒక రకం సముద్రపు నత్తను, తీసుకెళ్లమన్నారు. అరచేతి అంత ఉంది, గోధుమ రంగులో ముడతలు పడిన గుడ్డపేలికలా కనిపించింది. రాత్రి లైట్లు ఆర్పేశాక టార్చి వేసి చూస్తే, నోటి పక్క మడతలతో పాచి పోచలను దగ్గరికి లాక్కుంటూ, తల కొద్దికొద్దిగా ఊపుతూ, పచ్చిక దొరికిన లేగదూడలా మేస్తూ ఉండేది. మూడు వారాల్లో రాళ్లు తెల్లగా బయటపడ్డాయి. నేను పొంగిపోయి ఫొటోలు తీసి స్నేహితులకు పంపాను. ఐదో వారానికి ఆ ప్రాణి సగానికి సగం కుంగిపోయింది. ఎండు సముద్రపాచి రేకు, అదే సుషీ చుట్టే నోరి, ముందు పెట్టినా ముట్టలేదు. ఆరో వారంలో ఒక ఉదయం అద్దం మూలన చనిపోయి కనిపించింది. అది ఆకలితో చనిపోయిందని, దానికి కారణం నేనేనని అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. రెండు నెలలు తిరగకుండానే పాచి మళ్లీ వచ్చింది.

మళ్లీ ఎందుకు వచ్చిందో చెబుతాను, మిగతా విషయమంతా దీని మీదే ఆధారపడి ఉంది. పాచిని తిన్న ప్రాణి దానిలోని నత్రజనిని, భాస్వరాన్ని ట్యాంకులోంచి బయటికి పంపదు. కొంత తన ఒంట్లో దాచుకుంటుంది, మిగిలినదాన్ని మలమూత్రాలుగా అదే నీటిలోకి వదులుతుంది. మనం వేసే మేత ఆగదు కాబట్టి ఆ పోషకాలు మళ్లీ పాచినే పెంచుతాయి. వాటిని నిజంగా బయటికి తీసేవి వేరే ఉన్నాయి: నీళ్లు మార్చడం, ప్రొటీన్ స్కిమ్మర్, అంటే నురుగుతో నీటిలోని మురికిని పైకి తీసే పరికరం, దాని కప్పులో చేరిన నల్లటి మురికిని పారబోయడం, పాచిని చేత్తో పీకి బకెట్లో వేయడం, సంపులో, అంటే ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో, చీటోమార్ఫా అనే సముద్రపాచిని పెంచి నెలనెలా కొంత కోసి తీసేయడం. కైకలూరు ప్రాంతంలో చేపల చెరువు రైతు గట్టు మీద నిలబడి నీటి రంగు చూసి ఈ పూట మేత తగ్గించాలో వద్దో చెప్పేస్తాడు. నీటిలో పెరిగే పచ్చదనం మేతతోనే ముడిపడి ఉందని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మన ట్యాంకుల దగ్గర మనం ఆ పరీక్షను కిట్లతో చేస్తాం. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య నిలబడితే చాలా పగడాలు హాయిగా ఉంటాయి, పాచి కూడా అదుపులో ఉంటుంది. ఫాస్ఫేట్ దీనికి ఎన్నో రెట్లు ఉన్నప్పుడు ఎన్ని నత్తలు తెచ్చినా అవి అలసిపోతాయి గాని పాచి అలసిపోదు. అందుకే ముందు ట్యాంకులో పోసే నీటిని శుద్ధి చేసే ఆర్వో డీఐ ఫిల్టర్ గుళికలు మార్చండి, మేత తగ్గించండి, పొడుగు పాచిని చేత్తో పీకేయండి. ఆ తర్వాత మిగిలిన పొట్టి పాచిని పొట్టిగానే ఉంచడం జీవుల పని. చాలా మేసే జీవులకు వేలెడు పొడుగు పోచల కంటే లేత చిగురే ఇష్టం, అదే సులువు కూడా.

అలాగని మేసే జీవుల పని చిన్నదని అనుకోకండి. సముద్రంలో పగడాల దిబ్బలు నిలబడ్డాయంటే అందులో మేసేవాటి పాత్ర ఎంతో ఉంది. కరీబియన్ సముద్రంలో డయాడెమా యాంటిలారమ్ అనే పొడవాటి నల్ల ముళ్ల సీ అర్చిన్, అంటే ఒళ్లంతా ముళ్లున్న గుండ్రటి సముద్రజీవి, ఉంటుంది. 1983 జనవరిలో పనామా తీరంలో అవి చనిపోతున్నట్టు మొదట గమనించారు, ఏడాది కొంచెం దాటేసరికి కరీబియన్ అంతటా నూటికి తొంభైకి పైగా పోయాయి. జమైకాలో అప్పటికే వేట ఎక్కువై పాచి తినే చేపలు కరువయ్యాయి, 1980లో పెద్ద తుపాను పగడాలను విరగ్గొట్టింది. అంతవరకు దిబ్బలను శుభ్రంగా ఉంచిన భారమంతా ఈ ఒక్క జీవి మీదే ఉంది. అది పోగానే పాచి కమ్మేసింది. 1970ల చివర దిబ్బల మీద సగం దాకా పరుచుకుని ఉన్న పగడం 1990ల తొలినాళ్లకు నూటికి ఐదు కంటే తగ్గిపోయింది. 2022లో మళ్లీ అలాంటి మరణాలే వచ్చినప్పుడు దానికి కారణం ఫిలాస్టర్ జాతికి చెందిన ఒక సూక్ష్మజీవి అని పరిశోధకులు తేల్చారు. దీన్ని చదివినప్పటి నుంచి నా ట్యాంకులో ఏ ఒక్క ప్రాణి మీదా మొత్తం భారం పెట్టడం మానేశాను. వేర్వేరు నోళ్లు కొద్దికొద్దిగా ఉండాలి. ఒకటి జబ్బు పడినా, చనిపోయినా మిగతావి పని నడిపించగలగాలి.

ఇక ఎదుట ఉన్నది ఏ పాచో తెలుసుకోవడం. కొత్త ట్యాంకులో మొదటి వారాల్లో ఇసుక మీద గోధుమ రంగు పొడిలా పడేది డయాటమ్‌లు అనే సూక్ష్మజీవులు. నీటిలో, ఇసుకలో ఉన్న సిలికేట్ అయిపోతే అవి వాటంతట అవే పోతాయి, వాటి కోసం ఏమీ కొనకండి. ముదురు ఎరుపులో జారుడు పొరలా పరుచుకుని, గొట్టంతో పీలిస్తే ఒక్క ముక్కగా లేచి వచ్చేది సయనోబాక్టీరియా. దాన్ని నమ్మకంగా తినే ప్రాణి నాకు కనిపించలేదు. అక్కడ నీటి ప్రవాహం పెంచి, మురికి తీయడమే మార్గం. గోధుమ రంగు జీడిలా సాగుతూ, మధ్య మధ్య గాలి బుడగలు పట్టుకుని ఉంటే అది డైనోఫ్లాజెలేట్లు అనే ఏకకణ జీవులు కావచ్చు. మైక్రోస్కోపు కింద ఒక చుక్క పెట్టి చూడండి. వాటిలో కొన్ని విషపూరితం, తిన్న నత్తలు చనిపోతాయి. పైగా ఇవి నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు పడిపోయిన ట్యాంకుల్లోనే ఎక్కువగా వస్తాయి. ఈ స్థితిలో శుభ్రం చేసే సైన్యాన్ని, అంటే పాచి తినే నత్తలు, పీతల గుంపును, కొంటే ఆ సైన్యాన్ని చంపుకోవడమే అవుతుంది. ఈ మూడూ కానప్పుడే, అంటే నిజమైన పచ్చ పాచి అయినప్పుడే దుకాణం వైపు అడుగు వేయండి.

నత్తలతో మొదలుపెడదాం. నా అభిప్రాయంలో ప్రతి పగడపు ట్యాంకుకూ మొదట కొనవలసినది ట్రోకస్ నత్త. శంఖువు ఆకారంలో, బొంగరాన్ని బోర్లించినట్టు ఉంటుంది. పొద్దున్నే లైటు వెలగక ముందు అద్దం మీద పాచి పొరను పరిశీలించండి. ఈ నత్త వెళ్లిన దారిలో దాని నాలుక మీది పళ్లు గీకిన గుర్తులు, చీర అంచు మీద కుట్టు పనిలా, వంకర టింకరగా వరుసగా కనబడతాయి. వెల్లకిలా పడినా ఇది తిరిగి లేవగలదు. అస్ట్రియా నత్తకు అది చాతకాదు. ఇసుక మీద వెల్లకిలా పడితే ఎవరో ఒకరు తిప్పాలి, లేకపోతే హెర్మిట్ క్రాబ్, అంటే ఖాళీ నత్తగుల్లలో కాపురముండే పీత, దాన్ని తినేస్తుంది. నెరైట్ నత్తలు మంచి పనివాళ్లే గాని నీటి గట్టు దాటి బయటికి పాకుతాయి, మూత లేని ట్యాంకుల వాళ్లు గోడ వెనక ఎండిపోయిన నెరైట్లను వెతుక్కోవాల్సి వస్తుంది. మార్గరిటా పేరుతో అమ్మేవి చల్లటి సముద్రపు నత్తలు, మెక్సికన్ టర్బో కాలిఫోర్నియా సింధుశాఖలోది. 25 డిగ్రీల సెల్సియస్ దాటి నడిచే మన ట్యాంకుల్లో మొదటి రకం త్వరగా చనిపోతుంది. రెండో రకం ఆబగా మేస్తుంది, కానీ రాళ్ల మీద అతికించిన చిన్న పగడపు ముక్కలను బుల్డోజరులా తోసేస్తుంది. ఇసుక శుభ్రం చేయడానికి సెరిత్ నత్తలు కొన్ని చాలు. నసారియస్ నత్తలు ఇసుకలోంచి తొండం పైకెత్తి వచ్చే దృశ్యం చాలా బాగుంటుంది, అవి మిగిలిపోయిన మేత తింటాయి, పాచిని తినవు. కాబట్టి పాచి లెక్కలో వాటిని కలపకండి.

ఎన్ని కావాలని అడుగుతారు. గ్యాలనుకు ఒకటి చొప్పున వందల నత్తలను ఒకేసారి పంపించే ప్యాకేజీలు అమ్ముతారు, దయచేసి అవి కొనకండి. మొదటి నెలలో తిండి చాలక సగం చనిపోతాయి, అవి కుళ్లి మళ్లీ పాచికే ఎరువవుతాయి. 75 గ్యాలన్ల ట్యాంకుకు పది ట్రోకస్‌లు, ఐదారు సెరిత్‌లు వేసి నెల రోజులు గమనించండి. చాలకపోతే నాలుగు కలపండి. తక్కువతో మొదలుపెట్టి పెంచుకోవచ్చు, ఎక్కువతో మొదలుపెడితే తగ్గేది చావుతోనే.

హెర్మిట్ క్రాబ్‌ల మీద నాకు అంత సదభిప్రాయం లేదు. నీలి కాళ్లవి, ఎర్రవి చూడముచ్చటగా ఉంటాయి, రాళ్ల సందుల్లో పాచిని ఏరుకుంటాయి. అయితే పెరిగేకొద్దీ వాటికి పెద్ద గుల్ల కావాలి, దాని కోసం బతికున్న నత్తను చంపుతాయి. ఉంచుకునేవారు రకరకాల సైజుల్లో ఖాళీ గుల్లలు వేసి ఉంచాలి. ఎమరాల్డ్ క్రాబ్ సంగతి వేరు. ఆకుపచ్చని బుడగలు, గాజు గోలీల్లా మెరిసేవి, రాయికి అంటుకుని ఉంటే అది వలోనియా అనే పాచి. దాన్ని తినేవాటిలో సులువుగా దొరికే ప్రాణి ఈ పీత. ఒకటి చాలు. పెద్దదై ఆకలేస్తే పగడాలను గిల్లుతుందని గుర్తుంచుకుని, రాత్రిపూట గమనిస్తూ ఉండాలి.

సీ అర్చిన్లలో ట్యాంకులకు సరిపోయేది మెస్పీలియా, టక్సీడో అర్చిన్ అంటారు. నిమ్మకాయ సైజు నుంచి టెన్నిస్ బంతి సైజు దాకా, నీలం చారలతో ఉంటుంది. దాని నోట్లో ఐదు పళ్లు కలిసి రాతిని గీకుతాయి. అది వెళ్లిన చోట పాచితో పాటు రాయి పైన కోరలైన్ అనే ఊదా రంగు సున్నపు పాచి పొర కూడా పోయి, తెల్లటి దారి పడుతుంది. ఆ ఊదా రంగును ముచ్చటపడి పెంచుకున్నవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. వదులుగా ఉన్న పగడపు ముక్కలను, గుల్లలను నెత్తికెత్తుకుని తిరుగుతుంది కూడా, కాబట్టి ప్రతి ముక్కనూ జిగురుతో గట్టిగా అతికించండి. పాచి తగ్గాక నోరి ముక్క ముళ్ల మీద పెడితే గొట్టపు పాదాలతో దాన్ని నెమ్మదిగా నోటి దాకా జరుపుకుంటుంది. ఆకలికి చావనివ్వకుండా పోషించగలిగే ప్రాణి గనుక దీన్ని నేను ధైర్యంగా సిఫారసు చేస్తాను.

చేపల విషయంలో కాస్త ఆగి చెప్పాలి, ఎక్కువ బాధ ఇక్కడే చూశాను. లాన్‌మోవర్ బ్లెన్నీ పేరు విని గడ్డి కోసే యంత్రంలా పాచి కోస్తుందనుకుంటారు. దాని దువ్వెనలాంటి పళ్లు పలుచని పొరను, పొడిని గీకడానికి మాత్రమే పనికొస్తాయి, పొడుగు జుట్టు పాచిని అది పట్టించుకోదు. కొత్తగా పెట్టిన శుభ్రమైన ట్యాంకులో వేస్తే నెలల్లో పొట్ట లోపలికి పోయి చనిపోతుంది. అక్వేరియం వయసు ఏడాది దాటాక, రాళ్ల మీద సహజమైన పొర ఏర్పడ్డాక తెచ్చుకోండి.

టాంగ్‌లు పాచి మేసే చేపలు, వాటిలో రెండు రకాల నోళ్లున్నాయి. జెబ్రసోమా వర్గం, అంటే పసుపు టాంగ్, సెయిల్‌ఫిన్ లాంటివి, పొడుచుకొచ్చిన మూతితో పోచలను తుంచి తింటాయి. టీనోకీటస్ వర్గం, అంటే కోల్ టాంగ్ లాంటివి, సన్నటి కుంచె వెంట్రుకల్లాంటి పళ్లతో పొరను ఊడ్చి తింటాయి. కోల్ టాంగ్ అద్దాన్ని ముద్దు పెట్టుకున్నట్టు తాకి వెనక్కి జరుగుతుంది, పాచి పట్టిన అద్దం మీద దాని పెదవుల గుర్తులు గుండ్రంగా వరసలు వరసలుగా మిగిలిపోతాయి. మీ సమస్య పోచలా, పొరా అన్నదాన్ని బట్టి వీటిలో ఒకటి ఎంచుకోవాలి. కోల్ టాంగ్‌కు నాలుగడుగుల ట్యాంకు కనీసం. పసుపు టాంగ్ ఇరవై సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, దానికి ఇంకా పొడవైనది ఉంటేనే న్యాయం. హవాయి సముద్రంలో పసుపు టాంగ్‌లు నలభై ఏళ్లు దాటి కూడా బతుకుతాయి. అంటే ఈ రోజు పాచి కోసమని తెచ్చిన చేప మీ పిల్లలు కాలేజీ ముగించి వెళ్లాక కూడా మీ ఇంట్లోనే ఉండవచ్చు. అది తోక మొదట్లో ఉండే కత్తితో తర్వాత వచ్చిన టాంగ్‌ను కోస్తుంది, అందుకే టాంగ్‌ను అన్నింటికంటే చివరగా వేయాలి.

పసుపు టాంగ్ గురించి ఒక మాట కలుపుతాను. హవాయిలో వీటిని అక్వేరియాల కోసం పెద్ద సంఖ్యలో పట్టేవారు. 2017లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు పర్యావరణ సమీక్ష లేకుండా వ్యాపార వేటకు అనుమతులు ఇవ్వకూడదని తీర్పిచ్చింది. దానికి రెండేళ్ల ముందే, 2015లో, హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ వీటిని గుడ్డు దశ నుంచి పెంచి చూపించింది. ట్యాంకులో పుట్టి పెరిగిన పసుపు టాంగ్‌లు ఈ రోజు దుకాణాల్లో దొరుకుతున్నాయి. ధర ఎక్కువే, అయినా అవే కొనండి. మేత తినడం అప్పటికే నేర్చుకుని వస్తాయి.

ఫాక్స్‌ఫేస్ రాబిట్‌ఫిష్ జుట్టు పాచిని, వలోనియాను కూడా తింటుంది, బ్రయోప్సిస్ అనే ఈకల్లాంటి పాచిని తినే చేపలు అరుదు, ఇది దాన్నీ అప్పుడప్పుడు ముట్టుకుంటుంది. దాని వెన్ను ముళ్లలో విషం ఉంటుంది. ట్యాంకులో చేయి పెట్టినప్పుడు అది ఎక్కడుందో ఒక కన్ను వేసి ఉంచండి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో చేయి ముంచి, ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు వెళ్లండి. పసిపిల్లలు చేతులు పెట్టే ఎత్తులో ట్యాంకు ఉన్న ఇళ్లల్లో దీన్ని వద్దంటాను.

హైదరాబాద్, విశాఖపట్నంలలో ఉన్న మన స్నేహితులు కూడా ఈ ప్రసంగం వింటారని తెలిసింది, వారికి కొన్ని మాటలు. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. రాతి పగడాలను, సముద్ర దోసకాయలను, ట్రోకస్ నైలోటికస్ నత్తను 2001లో ఆ చట్టం జాబితాల్లో చేర్చారు. అంటే ఇక్కడ నేను మొదట కొనమన్న ట్రోకస్ వర్గంలోని పెద్ద నత్త, అండమాన్ దీవుల్లో దొరికేది, అక్కడ రక్షణలో ఉంది. దుకాణదారుడు ఏ పేరుతో అమ్మినా శాస్త్రీయ నామం అడిగి, ప్రస్తుత జాబితా చూసుకుని, ఆ తర్వాతే ఏ సముద్రజీవినైనా కొనండి.

తెచ్చిన ప్రాణిని నీటిలోకి వదిలే పద్ధతి కూడా ఎంపికలో భాగమే. దుకాణాల్లో ఉప్పునీటి సాంద్రత (మంచినీటిని 1.000 అనుకుంటే) కొన్నిసార్లు 1.020 దగ్గర ఉంటుంది, మన పగడాల ట్యాంకుల్లో 1.025 ఉంటుంది. చేపలు కొంత తట్టుకుంటాయి గాని నత్తలు, అర్చిన్లు ఆ తేడాను ఒక్కసారిగా భరించలేవు. గాలి గొట్టానికి ముడి వేసి, చుక్కలు చుక్కలుగా గంటా రెండు గంటలు నీళ్లు కలుపుతూ, మధ్యలో రిఫ్రాక్టోమీటర్‌తో కొలుస్తూ సాంద్రత సమానమయ్యాకే లోపల వేయండి. టాంగ్‌లకు క్రిప్టోకేరియాన్ అనే తెల్లమచ్చల జబ్బు తేలికగా వస్తుంది, కాబట్టి వేరే ట్యాంకులో కొన్ని వారాలు ఉంచి గమనించాలి. దానికి రాగి మందు వాడాల్సి వస్తే ఆ వేరే ట్యాంకులోనే వాడాలి, పగడాల ట్యాంకులో రాగి పడితే నత్తలు, పీతలు, అర్చిన్లు అన్నీ చనిపోతాయి.

ఇప్పుడు నా 75 గ్యాలన్ల ట్యాంకులో పద్నాలుగు ట్రోకస్‌లు, ఆరు సెరిత్‌లు, ఒక టక్సీడో అర్చిన్, ఒక కోల్ టాంగ్ ఉన్నాయి. ఇవన్నీ ఏడాదిన్నరలో, ఒకదాని తర్వాత ఒకటి, ముందు తెచ్చినది స్థిరపడ్డాకే వచ్చాయి. రెండు రోజులకొకసారి సాయంత్రం అద్దానికి అయస్కాంతపు క్లిప్పుతో నోరి ముక్క పెడతాను. కోల్ టాంగ్ ఆ క్లిప్పు చప్పుడు గుర్తుపట్టి ఎదురొస్తుంది. అర్చిన్‌కు దాని ముక్క దానికి విడిగా, ముళ్ల మీదే పెడతాను.